రెండున్నాయి కదా అని తాళమేసి పోకండి

మా కడపలో కుక్కలున్న ఇళ్ళల్లో తరచుగా వినే మాట ఒకటుంది. "రెండున్నాయి కదక్కా, ఒకదానికొకటి తోడుంటాయిలే." ఆఫీసుకు పోవాలన్నా ఇదే మాట, ప్రొద్దుటూరులో బంగారం కొనడానికి పోవాలన్నా ఇదే మాట. ఇద్దరు మనుషుల్ని ఒక గదిలో పెట్టి తాళమేస్తే తోడవుతారా, కొట్టుకుంటారా అన్నది ఆ ఇద్దరినిబట్టి ఉంటుంది. కుక్కలైనా అంతే. అందులోనూ ఒకటి రెండు మూడు నెలల పిల్ల, ఇంకొకటి నాలుగైదు కేజీల చిన్న కుక్క అయితే దాన్ని తోడు అనడానికి నాకు నోరు రాదు.

ఎక్కువ ఇళ్ళల్లో జరిగేది చూడండి. ఇంట్లో ఎప్పట్నుంచో ఒక పమేరియనో, పగ్గో ఉంటుంది. అబ్బాయి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటాడు. లాబ్రడార్ పిల్ల వస్తుంది. మూడు నెలలు నిండేసరికి ఆ పిల్ల పది కేజీలు దాటినా ఆశ్చర్యం లేదు, అంటే పమేరియన్‌కు రెండింతలు. దానికి బుద్ధి మాత్రం ఇంకా పసిదే. నోటికందినది కొరకాలి, కనిపించినదాని మీద దూకాలి. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. మనం ఇంట్లో ఉన్నప్పుడు రోజుకు ఎన్నిసార్లు "ఏయ్, వదులు దాన్ని" అంటామో మనకే లెక్క తెలియదు. తాళమేశాక ఆ మాట అనేవాళ్ళెవరు? చిన్నది మంచం కిందికో, సోఫా వెనక్కో దూరి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. నీళ్ళ గిన్నె దగ్గరికి రావాలన్నా భయం. మనం వచ్చేసరికి రెండూ తోక ఊపుతూ ఎదురొస్తాయి, "చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నాయో" అనుకుంటాం.

మా ఇంట్లో పమేరియన్ పేరు టైగర్ (పేరు పెట్టింది మా ఆయన, నన్నడగకండి), లాబ్ పిల్ల పేరు రాణి. రాణి ముందర టైగర్ ఎంత టైగరో మాకు మొదటి పూటే తెలిసిపోయింది.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఇంట్లో ముందునుంచీ ఉన్న కుక్కకు తన గిన్నె, తన మూల, తన ఎముక ముక్క అంటే పట్టుదల ఎక్కువ. పిల్ల పోయి ఆ గిన్నెలో మూతి పెడితే గుర్రుమంటుంది. మనవాళ్ళు వెంటనే పెద్దదాన్ని తిడతారు, "చిన్నపిల్ల మీద గుర్రుమంటావా" అని. అది గుర్రుమనడమంటే "దూరం జరుగు" అని మర్యాదగా చెప్పడం. ప్రతిసారీ తిడితే చెప్పడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. పగ్ లాంటి వాటికి కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి, ఆటలో పిల్ల గోరు తగిలినా కన్ను దెబ్బ తింటుంది. ఇదంతా పగ వల్ల జరిగేది కాదు. సరదాకే మొదలవుతుంది, ఆపడానికి మనం అక్కడ ఉండం, అంతే.

కాబట్టి నా మాట ఒకటే. ఇంట్లో మనిషి లేనప్పుడు ఆ రెండూ వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకదానికొకటి కనిపించొచ్చు, వాసన తగలొచ్చు, మధ్యలో మాత్రం అడ్డు ఉండాలి. మన ఇళ్ళల్లో గ్రిల్ తలుపులు ఉండనే ఉంటాయి. లేకపోతే గుమ్మానికి అడ్డంగా పిల్ల దూకలేనంత ఎత్తు చెక్క పెట్టించండి, కార్పెంటర్‌కు అరపూట పని. గ్రిల్ కమ్మీల సందు పిల్ల తల దూరేంత ఉంటే కింది భాగానికి సన్న జాలీ కట్టండి. తిండి, బొమ్మలు, ఎముకలు ఎవరివి వాళ్ళ వైపే ఉండాలి.

పోయేముందు మెడలో ఉన్నవన్నీ తీసేయాలి. బెల్టు, గజ్జెలు, చెయిన్, అన్నీ. మనదగ్గర దిష్టి తగలకుండా పిల్ల మెడలో నల్లతాడు కూడా కడతారు కదా, అదీ తీయాలి. గ్రిల్ కొక్కేనికి తగులుకుంటే ఆ తాడు ఉరితాడవుతుంది. రెండూ కలిసి ఆడేటప్పుడు ఒకదాని కింది దవడ ఇంకోదాని బెల్టులో ఇరుక్కుని, రెండూ భయంతో మెలితిరిగి ఊపిరాడక చచ్చిపోయిన సంఘటనలు ఉన్నాయి. దిష్టి మళ్ళీ సాయంత్రం వచ్చి తీసుకోవచ్చు.

ఇక ఎంతసేపు వదలొచ్చు అన్నది. పిల్లల విషయంలో ఒక మోటు లెక్క ఉంది. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు, మహా అయితే అంతసేపు అది ఒంటికి ఆపుకోగలదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, మూడు నెలలదానికి నాలుగు. అది కూడా పైహద్దు, రోజూ అంతసేపు వదిలేయొచ్చని కాదు. పైగా ఆ వయసులో రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి. మరీ చిన్న జాతి పిల్లలైతే ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి, ఫిట్స్ కూడా వస్తాయి.

ఈ లెక్క పెట్టుకుని ఒంటిమిట్ట కల్యాణం సంగతి చూడండి. రాములవారి కల్యాణం అక్కడ రాత్రిపూట, పండు వెన్నెల్లో జరుగుతుంది. జనంలో చోటు దొరకాలంటే ఇక్కడ మధ్యాహ్నమే బయల్దేరాలి. కల్యాణం చూసి, ఆ ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పోయినసారి మా చిన్నాయన వాళ్ళు రెండు కుక్కల్నీ మేడమీద రేకుల షెడ్డులో వదిలి పోదామన్నారు. "గిన్నె నిండా నీళ్ళు పెట్టాంలేమ్మా, పొద్దు గూకితే చల్లబడుతుంది" అని. చైత్రమాసంలో, కడపలో, రేకుల కింద! ఆయనే ఆ షెడ్డులో మధ్యాహ్నం పది నిమిషాలు కూర్చోడు. నేను గట్టిగా అరిచాక వాళ్ళ చిన్నకోడలు ఇంట్లో ఆగింది. నా మీద ఆమెకు ఇంకా కొంచెం కోపముంది, తప్పులేదు.

ఎండ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, మన ఊళ్ళో అసలు ప్రమాదం అదే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పుతూనే పోగొట్టుకోవాలి. దాని ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, 106 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. మూతి చప్పిడిగా ఉండే పగ్ సరిగా రొప్పను కూడా లేదు. పమేరియన్‌కు ఒంటిమీద కంబళి. పసిపిల్లకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి ఇంకా పూర్తిగా రాదు. ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ 42, 43 డిగ్రీల సెల్సియస్ ఉండటం మనకు వింత కాదు. అలాంటి పూట మూసిన గది, పైన కాలిపోయే స్లాబు, కరెంటు పోయి ఆగిన ఫ్యాను. చెమట పట్టని ఒంటికి ఫ్యాను ఉన్నా మనకు చేసినంత మేలు చేయదు.

మేడమీద వద్దు, బాల్కనీలో వద్దు, కారులో ఐదు నిమిషాలు కూడా వద్దు. కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గది చూసుకోండి. మనకొక అదృష్టం ఉంది, పాత ఇళ్ళల్లో నేలకు పరిచినవి మన కడప బండలే. ఎండ పడని హాల్లో ఆ బండ మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, కుక్కలు పొట్ట ఆనించి పడుకునేది అందుకే. అదే నల్లబండ ఆవరణలో ఎండకు ఉంటే పాదాలు బొబ్బలెక్కుతాయి. నీళ్ళు ఒక్కొక్కదానికి రెండు చోట్ల, బరువైన మట్టి మూకుడులోనో రాతి తొట్టిలోనో పెట్టండి. స్టీలు గిన్నెను పిల్ల మొదటి నిమిషంలోనే బోర్లిస్తుంది. మూలన ఒక గోనెసంచి తడిపి పరిచినా మంచిదే. ఇంటికొచ్చేసరికి కుక్క విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే ఫోన్లో ఎవరినో అడుగుతూ కూర్చోకుండా ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి, ఫ్యాను గాలి తగిలిస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

పిల్ల ఉండే గదిలో నేలమీద మీరొకసారి బోర్లా పడుకుని చూడండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. వేలాడే చార్జర్ వైరు, బీరువా కింద కలరా ఉండ, తలుపు వెనక ఎలుకల మందు, బాత్‌రూమ్ బయట ఫినాయిలు డబ్బా, అప్పుడు కనిపిస్తాయి. చాక్లెట్, ఎండు ద్రాక్ష, ఉల్లిపాయ, షుగర్ లేని చూయింగ్ గమ్, ఇవన్నీ కుక్కకు విషమే. కేసరిలో నుంచి ఏరి పక్కన పెట్టిన ద్రాక్ష కూడా అందులోకే వస్తుంది. ఉడికిన కోడి ఎముక పెట్టి పోవడం కూడా మానండి, అది చీలికలై గొంతుకు గుచ్చుకుంటుంది.

"అంత రిస్కు ఎందుకు, కట్టేసి పోతే పోలా" అనేవాళ్ళు మరో రకం. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిండి, నీళ్ళు, నీడ లేకుండా ఉంచడం అందులోని 11వ సెక్షన్ కింద నేరమే. చట్టం సంగతి అలా ఉంచినా, కట్టేసిన కుక్క మీద కట్టని పిల్ల ఎక్కితే అది ఎక్కడికి పారిపోవాలి?

ఈ మధ్య కెమెరాలొచ్చాయి. మంచివే, మేమూ పెట్టుకున్నాం. కానీ బెంగళూరులో కూర్చుని సెల్లులో "అయ్యో నీళ్ళు ఒలకబోసిందే" అని చూసి ఏం చేస్తారు? కెమెరా కంటే ముందు తాళంచెవి ఇచ్చే మనిషిని చూసుకోండి. మాకైతే పై వాటాలో అద్దెకుండే కాలేజీ అమ్మాయి ఉంది. మధ్యాహ్నం వచ్చి రాణిని ఆవరణలోకి తిప్పి, తిండి పెట్టి, టైగర్‌తో కాసేపు కూర్చుని పోతుంది. ఊరికే రాదు, డబ్బులిస్తాం, ఇవ్వాలి కూడా. వచ్చేవాళ్ళు చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని లోపలికి రావాలి. పిల్లకు టీకాలు ఆరెనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల దాకా సాగుతాయి. అవి పూర్తయ్యేదాకా వాంతులు, రక్తవిరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో లాంటి జబ్బు చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి రాగలదు.

ఒంటరిగా ఉండటం కూడా నేర్పించాల్సిందే. పెళ్ళి రేపనగా ఈరోజు మొదలుపెడితే కుదరదు. ముందు పక్క గదిలోకి పోయి రండి, తర్వాత వీధి చివర అంగడి దాకా. పోయేటప్పుడు ముద్దులు, కన్నీళ్ళు వద్దు, వచ్చాక పండగ చేయొద్దు. దీపావళి రాత్రి మాత్రం ఎంత నేర్పిన కుక్కనైనా ఒంటరిగా వదలకండి.

ఇంత తతంగమా అని మా చిన్నాయనే అడిగాడు. అవును, పిల్లకు ఏడాది వచ్చేదాకా ఇంత తతంగమే. అసలు నెల కూడా నిండని పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాగి అమ్ముతున్నారు, మనం ముద్దొస్తున్నాయని కొంటున్నాం. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచే నిబంధన ఉంది. ఇంట్లో అందరూ తొమ్మిదింటికి పోయి ఆరింటికి వచ్చేవాళ్ళే అయితే, అబ్బాయి మార్కులకు సైకిల్ కొనివ్వండి, ఇంట్లో పెట్టి తాళమేసినా దానికేం కాదు. కుక్క కావాల్సిందే అని పట్టుబడితే ఏడాది దాటిన వీధికుక్కను తెచ్చుకోండి. టీకాలేయించి, మీ ఇంట్లో ఉన్న చిన్నదానితో కొన్నాళ్ళు మీ కళ్ళముందే కలిపి చూడండి. పడకపోతే రెండోది వద్దు.