ఆ 99 శాతం ఎవరి పుణ్యం?

ఆకాశవాణి గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని నడిపే ప్రసార భారతి ఒక లెక్క ముందు పెడుతుంది. దేశ విస్తీర్ణంలో దాదాపు 92 శాతానికి, జనాభాలో 99.19 శాతానికి తమ గొంతు చేరుతోందన్నది ఆ లెక్క. 23 భాషలు, 179 మాండలికాలు అని కూడా కలుపుతుంది. గొప్ప విషయమే, కాదనం. అయితే ఆ 99 శాతం ఎఫ్ఎం వల్ల రాలేదు, మొబైల్ యాప్ వల్ల అసలే రాలేదు. ఊరి శివార్లలో ఎకరాల కొద్దీ స్థలం తీసుకుని నిలబెట్టిన మీడియం వేవ్ (ఎఫ్ఎం కంటే చాలా దూరం పోయే పాతకాలపు రేడియో తరంగం) స్తంభాల పుణ్యం అది. కాలం చెల్లాయంటూ ఇప్పుడు దేశమంతటా ఒక్కొక్కటిగా ఆపేస్తున్నది ఆ ట్రాన్స్‌మిటర్లనే. లెక్కను మాత్రం పదిలంగా దాచుకున్నారు. పాడి ఆవును అమ్మేసి, మా ఇంట్లో పాలకు కొదవలేదని చెప్పుకున్నట్టుంది ఈ వ్యవహారం.

పాత యంత్రాలకు విడిభాగాలు దొరకడం లేదని, కరెంటు బిల్లు తడిసి మోపెడవుతోందని, వినేవాళ్లు తగ్గారని అధికారులు చెబుతున్నారు. ఫ్రాన్స్, జర్మనీల్లోని జాతీయ ప్రజా రేడియోలు 2015 చివర్లోనే మీడియం వేవ్‌ను వదిలేశాయనీ గుర్తుచేస్తున్నారు. ఇవి కొట్టిపారేసే మాటలు కావు. ఆపేసిన చోట దానికి బదులు ఏం పెట్టారన్నదే మా ప్రశ్న.

ఎఫ్ఎం పెడుతున్నామన్నది జవాబు. సరే, వాళ్ల లెక్కే చూద్దాం. ప్రసార సదుపాయాల విస్తరణకు 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం 2,539.61 కోట్ల రూపాయలతో ‘బైండ్’ పథకాన్ని ఆమోదించింది. ఆకాశవాణి ఎఫ్ఎం అప్పటికి దేశ విస్తీర్ణంలో 59 శాతానికి, జనాభాలో 68 శాతానికి అందుతోందని ప్రభుత్వమే ప్రకటించింది. పథకం పూర్తయితే అవి 66 శాతానికి, 80 శాతానికి పెరుగుతాయన్నది లక్ష్యం. అంటే అనుకున్నదంతా అనుకున్నట్టు జరిగినా దేశంలో మూడో వంతు నేల మీద ఎఫ్ఎం వినపడదు. ప్రతి అయిదుగురిలో ఒకరికి అందదు. 99కీ 80కీ మధ్య మిగిలిపోయిన జనం ఎవరు? నగరంలో కారులో పాటలు వినేవాళ్లు మాత్రం కారు. అడవిలో, కొండ మీద, పడవలో ఉన్నవాళ్లు. వాళ్లను లెక్కలో చూపి గొప్పలు చెప్పుకుంటారు, ప్రసారంలోంచి తీసేస్తారు.

అదే ఏడాది ఏప్రిల్ 28న ప్రధాని ఒకేసారి 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించారు. రేడియో విప్లవమన్నంత హడావుడి జరిగింది. వాటి సామర్థ్యం ఎంత? ఒక్కొక్కటి 100 వాట్లు. విజయవాడ, విశాఖ, కడప ఆకాశవాణి కేంద్రాలను మనకు వినిపించిన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లది 100 కిలోవాట్ల స్థాయి, హైదరాబాద్‌ది 200. అంటే కొత్తవి వెయ్యో వంతు. ఎఫ్ఎం తరంగం చూపు మేరకే పోతుంది, మధ్యలో కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. 100 వాట్లతో పది పదిహేను కిలోమీటర్లు దాటితే గొప్ప. మీడియం వేవ్ నేలను పట్టుకుని జిల్లాలు దాటుతుంది, ఉప్పునీటి మీద ఇంకా దూరం పోతుంది, రాత్రయితే రాష్ట్రాలే దాటుతుంది. పట్నానికి చిన్న ఎఫ్ఎం ఇచ్చి, చుట్టూ ఉన్న పల్లెల నుంచి పెద్ద గొంతును తీసేయడాన్ని ఆధునికీకరణ అనడానికి మాకు నోరు రావడం లేదు.

విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖ 927, కడప 900. రేడియోలో ఆ కేంద్రాలను పట్టుకునే ఈ అంకెలు ఒక తరానికి ఇంటి నంబరంత బాగా గుర్తు. పొద్దున్నే ప్రాంతీయ వార్తలు, రైతుల కార్యక్రమం, ధరవరలు, మధ్యాహ్నం నాటకం, ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ముల్లు తిప్పేవాడికి తెలుసు. రాష్ట్రం బయట తెలుగు చదివే బడి లేని చోట కూడా తెలుగు వార్త వినపడేది. బళ్లారిలో, రాయగడలో, బస్తర్ అంచుల్లో ఉన్న తెలుగువాళ్లకు సరిహద్దు అడ్డురాని తెలుగు ఇదొక్కటే. వాళ్లు ఏ రాష్ట్ర ప్రభుత్వ లెక్కల్లోనూ శ్రోతలుగా ఉండరు. 99 శాతంలో మాత్రం ఉంటారు.

జ్ఞాపకాల కోసం ఈ గోల చేయడం లేదు. మనది తుపాన్ల తీరం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, పక్క వీధిలో ఏం జరిగిందో తెలియని స్థితి. స్మార్ట్ సిటీ అనుకున్న చోటే టవర్లు నిలబడలేదు. అలాంటప్పుడు రెండు బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టర్‌కు ఉన్న విలువ యాప్‌కు ఉండదు. ఒక కేంద్రం దెబ్బతిన్నా దూరంలో ఉన్న ఇంకో కేంద్రాన్ని పట్టుకునే అవకాశం మీడియం వేవ్‌లోనే ఎక్కువ. తీరం నుంచి కాస్త సముద్రంలోకి వెళ్లగానే సెల్ సిగ్నల్ పోతుంది. ఉప్పాడ, భీమిలి, మచిలీపట్నం మత్స్యకారులకు ఈ మాట ఢిల్లీలో కూర్చున్నవాళ్లు చెప్పక్కర్లేదు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకే వీళ్లు చెప్పాలి.

ఏజెన్సీ సంగతీ అంతే. అల్లూరి జిల్లా కొండల్లో ఒక మలుపులో ఎఫ్ఎం వస్తుంది, తర్వాతి మలుపులో పోతుంది. మారుమూల, గిరిజన, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు 8 లక్షలకు పైగా డీడీ ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామని ‘బైండ్’ పథకంలోనే రాశారు. మంచి ఆలోచన. కానీ ఆ బాక్సుకు టీవీ కావాలి, టీవీకి కరెంటు కావాలి, పైగా దాన్ని పోడు చేనులోకి తీసుకుపోలేరు.

ఇక డిజిటల్ రేడియో. మీడియం వేవ్‌నే డీఆర్ఎం (డిజిటల్ రేడియో మోండియాల్) అనే పద్ధతిలో డిజిటల్ చేస్తామంటూ చాలా కోట్లు పోశారు. మూడు పదులకు పైగా ట్రాన్స్‌మిటర్లు పెట్టారు కూడా. ఆ ప్రసారం పట్టే రేడియో సెట్టు ఏ మండల కేంద్రంలో దొరుకుతుందో కనుక్కోండి. కొన్ని కొత్త కార్లలో ఉందట. పొలం గట్టు మీద కూర్చున్నవాడికి వార్తలు వినడానికి కారు కొనిపిస్తారా? ట్రాన్స్‌మిటర్ ముందు, రిసీవర్ ఎప్పుడో అన్న ఈ పద్ధతి మన ప్రభుత్వ రంగానికి కొత్తేమీ కాదనుకోండి. దాన్ని చూపించి పాత ప్రసారాన్ని ఆపడమే అన్యాయం.

ఇంకో మెలిక ఉంది. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా తిరిగి వినిపించుకోవచ్చంతే. కమ్యూనిటీ రేడియోలకూ సొంత వార్తలకు అనుమతి లేదు. సంగారెడ్డి జిల్లా మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో విత్తనాల గురించి మాట్లాడవచ్చు, పండుగల గురించి పాడవచ్చు, మండల ఆఫీసులో ఏం జరిగిందో వార్తగా చెప్పకూడదు. రేడియోలో వార్తలంటే మావే వినాలి అన్న ప్రభుత్వం, ఆ వార్తల గొంతును ఎన్నో ఊళ్ల నుంచి వెనక్కి తీసుకుంటోంది. మీరు చెప్పరు, ఇంకొకరిని చెప్పనివ్వరు. అయినా చేరిక 99 శాతం!

రేడియో బలం పాలకులకు తెలియదా అంటే, అందరికంటే వాళ్లకే బాగా తెలుసు. 2014 అక్టోబరులో ప్రధాని నెలనెలా దేశంతో మాట్లాడాలనుకున్నప్పుడు ఎంచుకున్నది రేడియోనే. ఆ కార్యక్రమం వందో భాగాన్ని 2023 ఏప్రిల్‌లో పండుగలా జరుపుకున్నారు. మారుమూల పల్లెకు కూడా చేరుతుందనే కదా దాన్ని ఎంచుకున్నది? చేరవేసిన ఆ స్తంభాలను ఆ వేడుకల్లో ఒక్కరూ తలుచుకున్నట్టు లేదు. ఏటా ఫిబ్రవరి 13న రేడియో దినోత్సవ శుభాకాంక్షలు మాత్రం ఠంచనుగా వస్తాయి. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడమంటే ఇదే. 2018 డిసెంబరులో ఖర్చు తగ్గింపు పేరుతో జాతీయ చానల్‌నూ, హైదరాబాద్ సహా అయిదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలనూ మూసేయాలని ఆదేశించినప్పుడే ఈ దారి ఎటు పోతుందో అర్థమై ఉండాల్సింది. ముందు నేర్పే బడిని మూశారు, ఇప్పుడు వినిపించే యంత్రాన్ని ఆపుతున్నారు.

మార్కెట్టే దేవుడనే అమెరికాలో ఏం జరిగిందో చూడండి. విద్యుత్ కార్లలో ఏఎం (మనం మీడియం వేవ్ అనేదే) రేడియో పెట్టబోమని కార్ల కంపెనీలు అనగానే, ఏ విషయంలోనూ ఒకమాట మీద ఉండని రెండు పార్టీల సెనేటర్లు, డెమొక్రాట్ ఎడ్ మార్కీ, రిపబ్లికన్ టెడ్ క్రూజ్, 2023 మేలో కలిసి బిల్లు పెట్టారు. ప్రతి కొత్త కారులో ఏఎం ఉండి తీరాలన్నారు. విపత్తులో ప్రజలకు చివరిదాకా అందేది అదేనని వాళ్ల వాదన. ఫోర్డ్ కంపెనీ ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. అక్కడ ప్రైవేటు కంపెనీని చట్టసభ నిలదీసింది. ఇక్కడ ప్రభుత్వ సంస్థే ఆపుతుంటే అడిగే దిక్కు లేదు.

ప్రసార భారతికి తన చట్టం గుర్తుందో లేదో. 1990 నాటి ఆ చట్టంలోని 12వ సెక్షన్ వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, ప్రాంతీయ భాషలు, అంధులు, వృద్ధుల ప్రయోజనాలు ఆ సంస్థ బాధ్యత అంటుంది. తగిన సాంకేతికతను ఎంచుకుని సమగ్రంగా ప్రసారాలు అందించమంటుంది. అందులో లాభనష్టాల బేరీజు మొదటి వరుసలో లేదు. చూపు లేనివాళ్లకు టీవీ ఎంత ఉపయోగమో, కొత్త కొత్త యాప్‌ల మెనూలు ఎంత ఉపయోగమో సెక్షన్ చదివినవాళ్లే చెప్పాలి.

ఏ ట్రాన్స్‌మిటర్‌ను ఎప్పుడు ఆపుతారో జాబితా బయటపెట్టాలి. ఆపే ముందు అక్కడి శ్రోతలను అడగాలి, అదే విస్తీర్ణంలో మరో ప్రసారం వినపడుతోందని ఊరూరా పరీక్షించి చూపాలి. అప్పటిదాకా ఒక్క స్విచ్చూ కట్టకూడదు. ఇది జరగని పని కాదు. 2020లో కేరళలోని అలప్పుళ ట్రాన్స్‌మిటర్‌ను ఆపేయమని ఆదేశాలొస్తే స్థానిక ఎంపీతో సహా జనం గగ్గోలు పెట్టారు. ఆదేశం ఆగింది.

మనకు ఆంధ్రప్రదేశ్‌లో 25 మంది, తెలంగాణలో 17 మంది లోక్‌సభ సభ్యులున్నారు. విమానాశ్రయాల పేర్ల మీద, రైళ్ల హాల్టుల మీద లేఖలు రాయడానికి వాళ్లకు తీరిక దొరుకుతోంది. తమ నియోజకవర్గంలో ఆకాశవాణి ఏ ఊరిదాకా వినపడుతోందో ఎంతమంది చెప్పగలరు? ట్రాన్సిస్టర్ చేతపట్టుకుని ఒక్క పూట తిరిగితే తెలిసిపోతుంది. ఆ మాత్రం ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. స్తంభం కూల్చాక మిగిలే ఎకరాలు ఎవరికివ్వాలన్న చర్చ వస్తే మాత్రం అందరూ ముందు వరుసలో కూర్చుంటారు.