సైబీరియా గారికి, శ్రీకాకుళం నుంచి

మహారాజశ్రీ సైబీరియా గారికి,

నమస్కారాలు. మేమెవరమో మీకు తెలియదు. మాకు మాత్రం మీరు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాళ్లు పొడుగ్గా ఉండి, రంగు కాస్త తెల్లగా ఉంటే చాలు, ఆ పక్షి మీదేనని మా జిల్లాలో పసిపిల్లాడు కూడా చెప్తాడు. మొన్న నాగావళి ఇసుకలో నిలబడ్డ మామూలు కొంగని చూపించి కూడా ఒకాయన మీ పేరే చెప్పాడు. దాని ముత్తాత సైతం మా ఊరి ఏడు రోడ్ల కూడలి దాటి ఉండదు.

టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం సంగతే చూడండి. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు అక్కడ దిగుతాయి. చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. మా వైపు ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది. మరి పురుళ్లన్నీ మా చెట్ల మీద జరుగుతుంటే ఇంటిపేరు మాత్రం మీదెలా అయిందండీ? అసలవి మీ గడప తొక్కిన పక్షులే కావు. మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ నీళ్లూ చేపలూ చూసుకుని తిరిగే జాతులు. నిజంగా మీ దగ్గర్నుంచి వచ్చేవి ఇక్కడ గూడు కట్టవు. శీతాకాలమంతా మా తిండి తిని, కాపురం మీ దగ్గరే పెడతాయి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిది మరీ విడ్డూరం. అక్కడికి వచ్చేవి చిల్లుముక్కు కొంగలు. నోరు మూసినా ముక్కు మధ్యలో సందు కనిపిస్తుంది, నత్తల్ని పట్టుకోవడానికి అనువుగా. తొలకరితో పాటు జూన్‌లో వస్తాయి. వాటినీ ‘సైబీరియా చలికి తట్టుకోలేక వచ్చాయి’ అంటారు. జూన్‌లో మీకు ఎండాకాలం కదండీ! చలికి భయపడే పక్షి చలికాలమంతా అక్కడే ఉండి, ఎండ కాశాక బయల్దేరుతుందా?

మీ పేరు పెట్టుకున్న సైబీరియన్ క్రేన్ అని ఒకటి ఉన్నమాట నిజమే. అది వచ్చేది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి. 2002 తర్వాత అక్కడికీ రావడం మానేసింది. క్రేన్, స్టార్క్, ఎగ్రెట్ వేరువేరు పక్షులైనా అన్నిటినీ మేం కొంగ అనే అంటాం. అందుకని దాని పాస్‌పోర్టు మీద మా కొంగలన్నీ ప్రయాణం చేసేస్తున్నాయి.

నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. చుట్టాలొస్తే తేలినీలాపురం తీసుకెళ్లి, వాచ్ టవర్ ఎక్కించి, ‘అన్నీ సైబీరియావే’ అని ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణే. పక్క జిల్లా నుంచి వచ్చుంటాయంటే మా బావమరిది కారు కూడా దిగడు.

మీ వల్ల మాకు ఇంకో సుఖం ఉంది. పక్షులు తగ్గితే, పాపం అక్కడ సైబీరియాలో ఏమైందో అని నిట్టూర్చి ఇంటికి వచ్చేయొచ్చు. మన చెట్లేమయ్యాయి, అవి మేతకెళ్లే నౌపడ చిత్తడి నేలల్లో చేపలున్నాయా అని అడగక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఆ చుట్టుపక్కల ఎన్నో చెట్లని కూల్చేసింది. గూడు కట్టుకునే పక్షికి కూలిన చెట్టు ఎంత నష్టమో మాకు తెలియదా? తెలుసు. కానీ అవి మీ పక్షులు కదా!

ఇప్పుడు అసలు విషయం. మా పార్కులో వాకింగ్ ట్రాక్ పక్కన ముళ్లపొద మీదకి ఏటా సెప్టెంబరులో ఒక పిట్ట వస్తుంది. పిచ్చుక కన్నా కొంచెం పెద్దది. గోధుమ రంగు ఒళ్లు, కళ్ల మీదుగా దొంగ ముసుగులాంటి నల్ల గీత. కిరకిరమని ఒకటే తిట్లు. పేరు బ్రౌన్ ష్రైక్. ఇవి ఎండాకాలంలో మీ దగ్గరా, మంగోలియాలోనూ పిల్లల్ని చేసి, చలికాలానికి హిమాలయాలకు ఇవతల, మా దాకా వస్తాయి.

నిన్న పొద్దున్న నేను బైనాక్యులర్ పట్టుకుని దాన్నే చూస్తుంటే, వాకింగ్‌కి వచ్చినాయన ఆగాడు.

‘‘ఏటి మాస్టారూ సూస్తన్నారు?’’

చూపించాను. సైబీరియా వైపు నుంచి వచ్చిందన్నాను. నా జీవితంలో ఆ మాట మొదటిసారి నిజంగా అన్నాను.

ఆయన పిట్టని చూశాడు, నన్ను చూశాడు. ‘‘ఊరుకోండి మాస్టారూ! ఇంత పిట్టేటి, అంత దూరం నుంచి వచ్చీడమేటి? సైబీరియావి పెద్దగుంటాయి. నాను తేలినీలాపురంలో సూశాను కదా!’’

అందుకే ఈ ఉత్తరం. వచ్చే ఏడాది పంపేటప్పుడు దాని మెడలో మీ ఊరి పేరు రాసిన చీటీ ఒకటి కట్టండి. తెలుగులో అయితే మరీ మంచిది.

ఇట్లు,
పార్కులో మూడో బెంచీ మాస్టారు,
శ్రీకాకుళం