అరకు ఘాట్‌కు 100 ఆక్టేన్ అక్కర్లేదు

"అరకు వెళ్తున్నారా? ట్యాంకు నిండా 100 ఆక్టేన్ కొట్టించండి. పికప్, మైలేజీ పెరుగుతాయి. ఇంజిన్ శుభ్రపడుతుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్‌ను తినేస్తుంది." సెలవులొస్తే చాలు, వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతుంది. మొన్న మా పక్కింటి తమ్ముడు ఇది నమ్మి తన చిన్న కారుకు కొట్టించబోయాడు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 పేరుతో 100 ఆక్టేన్ పెట్రోల్ తెచ్చినప్పుడే ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. అంత డబ్బు ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

సిలిండర్‌లో గాలి, పెట్రోల్ కలిసి నొక్కుకుపోతాయి. స్పార్క్ అంటించిన మంట పూర్తిగా చేరకముందే మిగిలిన మిశ్రమం వేడికి తనంతట తానే భగ్గుమంటే, అదే నాకింగ్. దాన్ని పెట్రోల్ ఎంతవరకు ఆపగలదో చెప్పే అంకె ఆక్టేన్. పెట్రోల్‌లో ఎంత శక్తి ఉందో అది చెప్పదు.

మైలేజీ పెరుగుతుందన్న మాట తప్పని చెప్పడానికి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాలే చాలు. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది, కానీ లీటరుకు శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఆక్టేన్‌తో మైలేజీ పెరిగేదే అయితే ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పోసిన బండ్లన్నీ ఎక్కువ దూరం వెళ్లాలి కదా!

శుభ్రం చేసేది పెట్రోల్‌లో కలిపే డిటర్జెంట్ మందు. దానికీ ఆక్టేన్‌కూ సంబంధం లేదు.

ఇక ఘాట్. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది. అందుకే టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి తోసే పరికరం) లేని ఇంజిన్‌కు కొండ మీద కావలసిన ఆక్టేన్ కాస్త తగ్గుతుందే తప్ప పెరగదు. మరి ఎక్కేటప్పుడు నాకింగ్ చప్పుడు ఎందుకంటారా? సింహాచలం కొండ మీదికి నలుగురితో, ఏసీ వేసుకుని, మూడో గేర్లోనే ఈడుస్తూ యాక్సిలరేటర్ తొక్కి చూడండి. స్టీలు డబ్బాలో శనగలు ఆడించినట్టు గలగలమంటుంది. రెండో గేరుకు మారిస్తే ఆగిపోతుంది. ఇప్పటి చాలా కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. అది నాకింగ్‌ను పసిగట్టగానే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసి దాన్ని అదుపు చేస్తుంది.

"మరి మామూలు పెట్రోల్‌తో ఇంజిన్ పాడవదా అన్నా?" అన్నాడు తమ్ముడు. ట్యాంకు మూత తీయమన్నాను. లోపలి స్టిక్కర్ మీద కావలసిన ఆక్టేన్ 91 అని ఉంది. మన బంకుల్లో మామూలు పెట్రోలే కనీసం 91. ఇరవై శాతం ఇథనాల్ కలిశాక 95కు చేరిందని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అమెరికా వీడియోల్లో కనిపించే 87తో పోల్చుకోకండి, అక్కడ లెక్కే వేరు. వాళ్ల 87 సుమారుగా మన 91.

మీ స్టిక్కర్ 95 గానీ 97 గానీ అడిగితే, ముఖ్యంగా టర్బో బండైతే, తప్పకుండా అదే పోయండి. అక్కడ పిసినారితనం వద్దు. సరైన పెట్రోల్ పోసి, సరైన గేర్లో నడిపినా గలగల ఆగకపోతే మెకానిక్‌కు చూపించండి. పేరుకున్న మసి కావచ్చు, తప్పు స్పార్క్ ప్లగ్ కావచ్చు, ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతూ ఉండవచ్చు. 100 ఆక్టేన్ ఆ చప్పుడును కొన్నాళ్లు కప్పిపెడుతుందంతే, లోపల జబ్బు అలాగే ఉంటుంది.