ప్రాంతీయ అధ్యయనాల మైనర్ వృథా అన్న ప్రచారానికి ఖండన

అమెరికాలో పీజీ, పీహెచ్‌డీ చేసే మన విద్యార్థుల మధ్య ఒక వాదన బాగా ప్రచారంలో ఉంది. ప్రధాన విషయంతో పాటు ఏరియా స్టడీస్‌లో, అంటే ఒక ప్రాంతపు భాష, చరిత్ర, సమాజాల అధ్యయనంలో, మైనర్ (అనుబంధ విషయం) తీసుకుని విదేశీ భాష నేర్చుకోవడం కాలయాపన అని దాని సారాంశం. అనువాద యంత్రాలు ఉండగా భాష అక్కరలేదనీ, డిగ్రీ ఆలస్యమవుతుందనీ, నాలుగు కోర్సులతో ఏ భాషా రాదనీ, అది దౌత్యశాఖకు వెళ్లేవారికే పనికొస్తుందనీ, ఫెలోషిప్ ఎవరికైనా వస్తుంది కనుక డబ్బు కోసమైతే చేరవచ్చనీ అందులో చెబుతున్నారు. చివరి మాటతో సహా ఇవన్నీ విద్యార్థులను తప్పుదారి పట్టించేవే.

యంత్రాల వాదన పైకి బలంగా కనిపిస్తుంది. అచ్చయిన వార్తలనూ వ్యాసాలనూ నేటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు అర్థమయ్యేలా అనువదిస్తాయన్నది నిజమే. కాని పరిశోధకుడికి కావలసిన ఆధారాలన్నీ అచ్చులో ఉండవు. టర్కీ కేంద్రంగా సాగిన ఒట్టోమన్ సామ్రాజ్యపు భూమిశిస్తు మీద పనిచేసే విద్యార్థినే తీసుకుందాం. టర్కీ 1928లో అరబిక్ లిపిని విడిచి లాటిన్ లిపికి మారింది కాబట్టి, అంతకు ముందరి కాగితాలు చదవడానికి నేటి టర్కిష్ ఒక్కటీ చాలదు. పాత లిపితో పాటు, ఖజానా గుమాస్తాలు లెక్కల కోసం వాడిన సియాకత్ అనే రాత కూడా తెలియాలి. ఆ రాతలో అక్షరాలను వేరుచేసి చూపే చుక్కలు సాధారణంగా ఉండవు. అందువల్ల ఒకే గీతను రెండు మూడు అక్షరాలుగా చదవడానికి వీలుంటుంది. ఏది సరైనదో పక్కనున్న అంకెనూ, ఊరి పేరునూ, పన్ను రకాన్నీ బట్టి తేల్చుకోవాలి. మచిలీపట్నంలో 17వ శతాబ్దపు వర్తకం గురించి రాయదలచినవారికి ది హేగ్‌లో ఉన్న డచ్చి ఈస్టిండియా కంపెనీ రికార్డులతో ఇలాంటి పనే పడుతుంది. ఆ చేతిరాతను గుర్తించే సాఫ్ట్‌వేర్ వచ్చిన మాట వాస్తవమే. అది ఎక్కడ తప్పు చదివిందో పట్టుకోవలసింది మాత్రం డచ్చి తెలిసిన మనిషే.

పాత కాగితాల సంగతి అలా ఉంచి, క్షేత్ర పరిశోధనను చూడండి. గర్భిణుల ఆహారం గురించి ఒక పల్లెలో దుబాసీ ద్వారా ప్రశ్నలు అడిగినప్పుడు, అత్తగారు పక్కన ఉండగా ఆ స్త్రీ మాట మింగేసిన చోటు పరిశోధకురాలికి తెలియదు. దుబాసీ సర్దిచెప్పిన ఒక వాక్యమే ఆమె నోటుపుస్తకంలోకి ఎక్కుతుంది. భాష తెలిసి ఉంటే అక్కడే ఆగి, మరో పూట విడిగా అడిగేది.

ఆలస్యం గురించి చెప్పవలసింది కొంచెమే. పీహెచ్‌డీ మైనర్ అంటే చాలాచోట్ల 9 నుంచి 12 క్రెడిట్లు, అంటే మూడు నాలుగు కోర్సులు. కార్నెల్ వంటి చోట్ల మైనర్ విషయాల ఆచార్యులు విద్యార్థి పరిశోధనను పర్యవేక్షించే కమిటీలో ఉండడం పీహెచ్‌డీ నిర్మాణంలోనే భాగం. ఆలస్యమయ్యేది సాధారణంగా పరిశోధనాంశం ఖాయమయ్యాక, మూడో ఏట, తీరిగ్గా భాష మొదలుపెట్టినవారికే. తొలి ఏడాది భాషా తరగతులు మైనర్ క్రెడిట్లలోకి రాని విభాగాలూ ఉన్నాయి కనుక, ఆ నియమం చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

నాలుగు కోర్సులతో భాష రాదన్నది సగం నిజం. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా ప్రకారం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు అరబిక్‌లో వృత్తిస్థాయి నైపుణ్యం సాధించడానికి 88 వారాలు, సుమారు 2200 తరగతి గంటలు పడుతుంది. మన తెలుగుకు సుమారు 44 వారాలు. వారానికి 5 గంటల చొప్పున 30 వారాలు చదివితే అయ్యేది 150 గంటలే. ఆ లోటును వేసవి శిక్షణ కొంతవరకు పూడుస్తుంది. వెర్మాంట్‌లోని మిడిల్‌బరీ 1915 నుంచి ఇలాంటి వేసవి భాషా పాఠశాలలు నడుపుతోంది. అక్కడ విద్యార్థులు నేర్చుకునే భాషలో తప్ప మాట్లాడబోమని ప్రతిజ్ఞ చేస్తారు. పైగా, తన రంగానికి చెందిన పత్రాలు చదవగలిగితే చాలుననుకునే చరిత్ర విద్యార్థికి దౌత్యవేత్తకు ఉండవలసిన స్థాయి అవసరం లేదు.

దౌత్యశాఖ మాటకు చారిత్రక మూలం ఉంది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక, 1958లో వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం ద్వారానే విశ్వవిద్యాలయాల్లోని భాషా, ఏరియా స్టడీస్ కేంద్రాలకు ఫెడరల్ నిధులు మొదలయ్యాయి. అయితే ఈ చదువుల ఫలితం దేశ రక్షణ అనే ఆ ఉద్దేశంతో ఆగలేదు. 1960లలో పబ్లిక్ లా 480 అనే అమెరికా చట్టం కింద భారతదేశానికి ఆహారధాన్యాల అమ్మకంతో పోగైన రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు పుస్తకాలు అక్కడి గ్రంథాలయాలకు చేరిన ముఖ్యమైన దారి అదే. వాటిని చదివి పనిచేసినవారిలో చరిత్రకారులు, భాషాశాస్త్రజ్ఞులు, అనువాదకులు ఉన్నారు.

అన్నిటికంటె హాని చేసేది ఫెలోషిప్ గురించిన మాట, ఎందుకంటే దాన్ని నమ్మి కొందరు ఖర్చుల లెక్క వేసుకుంటారు. విదేశీ భాషలకూ ఏరియా స్టడీస్‌కూ ఫెడరల్ ప్రభుత్వం నిధులిచ్చే ఫ్లాస్ (FLAS) ఫెలోషిప్‌కు అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే అర్హులు. విదేశాల్లో భాష నేర్చుకోవడానికి ఇచ్చే బోరెన్ ఫెలోషిప్ పౌరులకే పరిమితం, ఆపైన ఫెడరల్ ప్రభుత్వంలో పనిచేయాలన్న షరతు ఉంది. ఈ నిధులు ప్రభుత్వ కేటాయింపుల మీద ఆధారపడినవి కనుక అర్హులు సైతం ఆ ఏడాది పరిస్థితి విచారించుకోవాలి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి మైనర్‌లో చేరడానికి వీసా అడ్డు కాదు, ఈ రెండు ఫెలోషిప్పులు మాత్రం రావు. వారు విచారించవలసింది తమ విశ్వవిద్యాలయమో, అక్కడి ఏరియా స్టడీస్ కేంద్రమో సొంత నిధుల నుంచి ఇచ్చే వేసవి భాషా గ్రాంట్ల గురించి; వాటి గడువు తరచు అంతకు ముందరి చలికాలంలోనే ముగిసిపోతుంది.