వైకల్యంలో పాసు మార్కులు

మన దేశంలో డిస్లెక్సియా, అంటే తెలివితేటలున్నా చదవడం, రాయడం తడబడే వైకల్యం, పెద్దలకు ఉండదన్నది నిర్వివాదాంశం. పిల్లలకు ఉంటే ఉండవచ్చు. అదీ నిపుణులకు ఫీజు కట్టగల ఇళ్లలో. పద్దెనిమిదేళ్లు నిండిన అర్ధరాత్రి ‘ప’, ‘వ’, ‘ష’లు తమ వేషాలు కట్టిపెట్టి ఎవరి స్థానాల్లో అవి బుద్ధిగా నిలబడతాయి, ఒత్తులు తమ హల్లుల కిందికి వచ్చి చేరతాయి. ఆ తరువాత కూడా ఎవరైనా తడబడుతూ చదివితే అది బద్ధకం, లేదా పొగరు, లేదా చిన్నప్పుడు చాలినంత గోడకుర్చీ వేయించని ఉపాధ్యాయుడి అలసత్వం.

ఈ సిద్ధాంతానికి చట్టం కొంత అడ్డు తగిలిన మాట వాస్తవమే. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించి హుందాగా ఊరుకుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, తెలివితేటలకు ఏ లోటూ లేకున్నా చదవడంలోనో, రాయడంలోనో, లెక్కలు చేయడంలోనో ఎదురయ్యే, డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను కూడా అందులో చేర్చింది. ఇవి వయసుతో పాటు పోయేవి కావని, తరచూ ఒకే కుటుంబంలో తరం తరువాత తరంలో కనిపిస్తాయని నిపుణులు చెబుతారు.

నిపుణులకేం, చెబుతారు. పిల్లవాడి చేత చదివించి, రాయించి, “ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉండేదా అండీ?” అని వారు అడిగినప్పుడు తల్లి మాట్లాడకుండా భర్త వైపు చూస్తుంది. ఆయన అప్పటికే అక్కడి ఫారాన్ని ఆమె చేతికిచ్చి, “కళ్లజోడు మరిచిపోయాను, నువ్వే నింపు” అని ఉంటాడు. పెళ్లయిన నాటి నుంచి ఫారం నింపవలసిన ప్రతిచోటికీ రాకుండా ఇంట్లో ఉండిపోయే ఆ కళ్లజోడు సినిమా హాలుకు మాత్రం తప్పకుండా వస్తుంది. సాయంత్రానికి కొడుకు చేతికి రిపోర్టు వస్తుంది, తండ్రికి ఏమీ రాదు. పదేళ్లవాడిలో వైకల్యమైనది నలభై ఏళ్లవాడిలో స్వభావం అవుతుంది.

అలాగని ఆ తండ్రికి దారి మూసేశారని ఎవరూ నింద వేయడానికి వీల్లేదు. కేంద్రం 2018లో జారీ చేసిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండాక సర్టిఫికెట్టు ఇచ్చి, 14 ఏళ్లకు ఒకసారి, 18 ఏళ్లకు మరోసారి పరీక్షించాలన్నాయి; చివరిసారి ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందన్నాయి. అవి వాడమన్న పరీక్ష, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసినది, ఏడో తరగతి స్థాయి దాకా ఉద్దేశించినది. డిగ్రీ ఎలాగోలా గట్టెక్కి, బతుకుతెరువు కోసం ఏళ్ల తరబడి అక్షరాలతో కుస్తీ పట్టిన మనిషి ఆ పరీక్షలోని పాఠాన్ని నెమ్మదిగానైనా చదివేస్తాడు. చదివాడు కనుక వైకల్యం లేదు. ఎంతసేపు పట్టింది, చదివాక తల ఎంత నొప్పి పుట్టింది అన్నవి అనవసర వివరాలు. దానికంటే ముందు, వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం శిబిరంలో స్లాటు కోసం ఒక దరఖాస్తు ఉంటుంది. దాన్ని తప్పుల్లేకుండా నింపగలిగినవాడికి వైకల్యం లేనట్టే, నింపలేకపోయినవాడి దరఖాస్తు చెల్లనట్టే. ఇంత కచ్చితమైన వడపోత మరే వైద్య విభాగంలోనూ ఉండదు.

ఇక మార్కుల సంగతి. పదో తరగతి పాసవడానికి 35 చాలు గాని, రిజర్వేషన్ వంటి ప్రయోజనాలు పొందడానికి వైకల్యంలో 40 శాతం రావాలి. బడిలో ఉన్నన్నాళ్లూ మార్కులు చాలక తిట్లు తిన్న మనిషి ఇక్కడా 38 దగ్గర ఆగిపోతే గ్రేసు మార్కులు కలిపే ఆచారం లేదు. వైద్య విద్య ప్రవేశాల కోసం 2019లో వెలువడిన నిబంధనల్లోనైతే, ఈ వైకల్యపు తీవ్రతను కొలిచే కొలమానం ప్రస్తుతానికి లేదని, 40 శాతం అన్న హద్దు ఏకపక్షంగా పెట్టుకున్నదేనని గమనికలో రాసి మరీ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంతో బాధ్యత తీరిపోయింది గనుక హద్దును అలాగే ఉంచారు. పరీక్షలో అభ్యర్థి చెప్పినది రాసిపెట్టే లేఖకుణ్ణి ఇవ్వడానికి ఈ 40 శాతం షరతు పెట్టకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. తీర్పు సుదీర్ఘమైనది కావడంతో చాలా కార్యాలయాల్లో దాన్ని ఇంకా కూడబలుక్కుని చదువుతున్నట్టున్నారు.

నేనెరిగిన ఒక గోదాములో స్టోర్ కీపరు ఉన్నాడు. ఏ బస్తా ఏ వరుసలో ఉందో, ఏ లోడు ఏ లారీలో వచ్చిందో చీకట్లోనైనా చెప్పగలడు. రిజిస్టరులో మాత్రం 1436ను 1463 అని రాస్తాడు. ఇరవై ఏడు బస్తాలు గాలిలోంచి పుట్టుకొచ్చినందుకు అతడికి మెమో ఇచ్చారు. ‘రాతలో దొర్లుతున్న దోషాలకు కారణాలను వారం రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలెను’ అన్నది మెమో సారాంశం. సంజాయిషీలో మరికొన్ని దోషాలు దొర్లాయి. వాటికి ఇంకో మెమో వచ్చింది.

అతడికి కావలసిందల్లా అంకెలను పైకి చదివి సరిచూసే తోడు మనిషి ఒకరు, తొందరపెట్టని ఒక పావుగంట, కాగితంలో ఉన్నదాన్ని చదివి వినిపించే ఫోను, ఆదేశాలను నోటితో కూడా చెప్పే పై అధికారి. ఫోను అతడి జేబులోనే ఉంది. చట్టం కూడా ఇటువంటి సహేతుకమైన సర్దుబాట్లే చేయమంటోంది. చిక్కల్లా వీటికి ఖర్చు లేకపోవడమే: ఖర్చు లేనిదానికి అంచనా ఉండదు, అంచనా లేనిదానికి టెండరు ఉండదు, టెండరు లేని పనికి ఫైలు కదలదు. అదే గోదాముకు ర్యాంపు కట్టాలన్నప్పుడు శంకుస్థాపన దాకా అన్నీ చకచకా జరిగాయి. ర్యాంపు అవసరమే, కాదనను. దాని మీద శిలాఫలకం నిలబడుతుంది కూడా.

నిజానికి ఈ సర్దుబాట్లు మన కార్యాలయాలకు కొత్తవి కావు. పెద్ద అధికారి ఉత్తరం తాను రాయడు, చెబుతాడు, స్టెనో రాసుకుంటాడు. ఫైలు తాను చదవడు, “విషయమేమిటో చెప్పవయ్యా” అంటాడు. సూపరింటెండెంటు నిలబడి వినిపిస్తాడు. అంకెలు పీఏ సరిచూస్తాడు, తేదీలు క్యాంపు క్లర్కు గుర్తు చేస్తాడు, సంతకం ఎక్కడ పెట్టాలో అటెండరు వేలు పెట్టి చూపిస్తాడు. దీన్నెవరూ వైకల్యానికి చేసే సాయం అనరు, హోదా అంటారు. కాబట్టి మన స్టోర్ కీపరుకు పనికొచ్చే ఏర్పాట్లన్నీ ఆ కార్యాలయంలోనే, పై అంతస్తులో, సిద్ధంగా ఉన్నాయి. అక్కడికి పదోన్నతి మీద వెళ్లడానికి అతడు శాఖాపరమైన పరీక్ష ఒకటి, నిర్ణీత సమయంలో, సొంత దస్తూరితో రాస్తే చాలు.