సార్ తాటిచెట్లపాలెం దాటారు!

నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వచ్చే ఆదివారంతో ఆగమన కాలం మొదలవుతుందని, అక్కణ్ణుంచి క్రిస్మస్ దాకా నాలుగు ఆదివారాలు మన లేమి ఒప్పుకుని, రానున్నవాడి కోసం కనిపెట్టుకుని, అంటే ఎదురుచూస్తూ, ఉండాలని సండే స్కూల్లో నేర్పారు. విశాఖ క్రైస్తవులు కనిపెట్టడం మానేశారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మొన్న కంచరపాలెం అవతల మా సంఘం సెమీ క్రిస్మస్‌లో, అంటే క్రిస్మస్ రాకముందే చేసుకునే క్రిస్మస్‌లో, రెండు గంటల పది నిమిషాలు కనిపెట్టాం. ఎమ్మెల్యేగారి కోసం.

సెమీ క్రిస్మస్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆలు లేదు చూలు లేదు అన్నది పాత సామెత. ఇక్కడ చూలుంది, నెలలే నిండలేదు, అప్పుడే బారసాల.

'ప్రభువు మార్గము సిద్ధపరచుడి' అని బాప్తిస్మమిచ్చే యోహాను అరణ్యంలో కేకేశాడు. మా సంఘపెద్దలు వాక్యం తప్పరు. వానాకాలం నుంచి నోళ్లు తెరుచుకున్న గోతుల్లో పొద్దున్నే క్రషర్ డస్ట్ పోయించి, కాలవ పొడుగునా బ్లీచింగ్ చల్లించారు.

ఆరున్నరకి మైకు: "సార్ సిరిపురంలో బయల్దేరారు." క్వయర్ లేచింది, కూర్చుంది. ఏడుంపావుకి: "కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్." ఇంకో కీర్తన. ఎనిమిదిన్నరకి: "తాటిచెట్లపాలెం దాటేశారు, దయచేసి ఎవరూ లేవొద్దు." అందరూ లేచారు. ఉక్కకి తట్టుకోలేక గెడ్డం మెడలోకి దించుకుని మజ్జిగ ప్యాకెట్ తాగుతున్న శాంటా తాత, ఉలిక్కిపడి గెడ్డం పైకి లాక్కున్నాడు. బైబిలు కథలో పెళ్లికొడుకు కోసం కనిపెట్టిన బుద్ధిగల అయిదుగురు కన్యకలు కూడా కునికారే! మాలో ఒక్కరు కునికితే ఒట్టు.

బల్ల మీద ఆగమన దండ. మూడు ఊదా కొవ్వొత్తులు, ఒక గులాబీది. ఫ్యాను గాలికి ఆరిపోతాయని బ్యాటరీవి కొన్నారు. మొదటి వారం ఒక్కటే వెలగాలి. స్విచ్చి ఒకటే కావడంతో నాలుగూ వెలిగాయి. ఓపిక లేనివాళ్లకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

సార్ వచ్చారు. కేకు కోశారు. "మీకే లోటూ రానివ్వను" అన్నారు. మా పాస్టరు అయ్యగారు వెంటనే, మాకే కొదువా లేకుండా చూస్తున్న సార్ కోసం దేవుడికి స్తోత్రం చెల్లించారు. ఏ కొదువా లేకపోతే ప్రభువు రావడం దేనికండీ? శాలువా కప్పించుకోడానికా?

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా గుడి రేకులు ఎత్తుకుపోయింది. సరిగ్గా ఏడు వారాలకి ఆగమన కాలం. టార్పాలిన్ కింద, వేదికా లేదు, ఫ్లెక్సీ లేదు. "నువ్వు తప్ప దిక్కులేదు తండ్రీ" అంటే నిజంగానే అన్నాం. తర్వాత స్లాబు పడింది. దిక్కు మారింది.

మొన్నటి సెమీ క్రిస్మస్ రాత్రి వెనక వరసలో ఒక పెద్దావిడ. కొడుక్కి డయాలసిస్. ఆరున్నర నుంచి అడుగుతోంది, "అయ్యగారి చేత చిన్న ప్రార్థన చేయించుకుని పోతాను బాబూ" అని. ముందు "ఉండమ్మా, సార్ వస్తున్నారు." తర్వాత "ఉండమ్మా, సార్ ఉన్నారు." రెండొందల మందిమి ఉన్నాం ఆ గుడిలో, దేవుడు కావాలని వచ్చింది ఆవిడొక్కతే, ఆవిణ్ణే కూర్చోబెట్టాం! సిగ్గు లేదా మనకి? నాతో కలిపే అంటున్నాను. నేనూ ఫోటో కోసం ముందు వరసలోనే ఉన్నాను.

అయ్యగారు సార్‌ని సాగనంపడానికి కారు దాకా వెళ్లారు. ఆఖరి బస్సు పోతుందని ఆవిడ లేచింది. ఎవరో పేపరు ప్లేటులో కేకు ముక్క పెట్టి చేతికిచ్చారు.

"మావోడికి షుగరు కూడాను బాబూ" అని ప్లేటు కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది.