సిరోసిస్ మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవద్దంటున్న ఆడియోకు నా జవాబు

కొద్ది రోజులుగా మా అనంతపురం బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: లివర్ గట్టిపడినవాళ్లను (సిరోసిస్ అంటే అదే) ఏ కడుపు జబ్బుకైనా ఆసుపత్రిలో చేరిస్తే తిరిగి రారు, కడుపులో నీళ్లు తీయిస్తే ప్రాణం పోతుంది, పప్పు, గుడ్డు ముట్టనీయకూడదు, పసరు తాపి ఇంట్లోనే పెట్టుకోవాలి. మా చిన్నమ్మ అది విని రాత్రంతా నిద్రపోలేదు. అందుకే రాస్తున్నాను.

మొదటి మాటలో సగం నిజం ఉంది, భయమంతా దాంతోనే పుట్టింది. అల్సర్ రక్తస్రావమైనా, పిత్తాశయంలో రాళ్లయినా, సిరోసిస్ కూడా ఉంటే ప్రమాదం ఎక్కువే. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులూ పెరుగుతాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లను తయారుచేసేది లివరే. అది పాడైతే పేగుల్లోని బ్యాక్టీరియా సులువుగా రక్తంలోకి చేరుతుంది, కిడ్నీలూ దెబ్బతింటాయి. ఇదంతా జబ్బు చేసే నష్టం. ఆసుపత్రి మంచం ఎక్కినందుకు జరిగేది కాదు. సిరోసిస్ ఉన్నవాళ్లకు అన్నవాహికలో ఉబ్బిన నరాలు (రక్తనాళాలు) పగిలి రక్తం పోతే, ఇంత వైద్యం ఉన్న ఈ రోజుల్లో కూడా ఆరు వారాల్లో నూటికి 15 నుంచి 20 మంది చనిపోతున్నారు. కొన్ని దశాబ్దాల కిందట ఆ సంఖ్య దీనికి రెట్టింపు ఉండేది. తగ్గింది ఎండోస్కోపీతో, మందులతో. ఇంట్లో పడుకోబెడితే తగ్గలేదు.

మా చిన్నాయన సంగతి చెప్తాను. నల్లగా, తారులా విరేచనం అయితే గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడా తాగాడు. క్యాజువాలిటీలో చిన్నమ్మ "అల్సర్ సార్" అనింది. తాగుడు మాట, పాత స్కానింగ్ మాట సిగ్గుపడి దాచింది. డ్యూటీ డాక్టర్ పొట్ట నొక్కి చూసి, కళ్లు చూసి, గట్టిగా అడిగితే అప్పుడు క్యారీబ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు తీసింది. అక్కడినుంచి వైద్యమే మారిపోయింది. నరాల్లో ఒత్తిడి తగ్గించే మందు, దాంతోపాటు యాంటీబయోటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మామూలు అల్సర్ రక్తస్రావానికి ఆ యాంటీబయోటిక్ ఇవ్వరు. సిరోసిస్ ఉన్నవాళ్లలో మాత్రం అది ప్రాణాలు కాపాడుతుంది. ఆ రాత్రే ఎండోస్కోపీ చేసి నరాలకు బ్యాండ్లు వేశారు.

ఇంకా రెండు బాటిళ్ల రక్తం ఎక్కించమని మేమే ఒత్తిడి చేశాం. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే ఎక్కిస్తామని డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. రక్తం ఎక్కువైతే లివర్‌కు వెళ్లే రక్తనాళంలో ఒత్తిడి పెరిగి మళ్లీ రక్తం పోయే ప్రమాదం ఉంది. 2013లో బార్సిలోనాలో 921 మంది మీద చేసిన పరిశోధన కూడా ఇలా పొదుపుగా ఎక్కించడమే మేలని చూపించింది.

నీళ్లు తీయడం గురించి. పొట్టలో నీరున్న మనిషి ఆసుపత్రిలో చేరగానే సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాలి. ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకినా ఒక్కోసారి జ్వరం గానీ నొప్పి గానీ ఉండదు, పరీక్షలోనే బయటపడుతుంది. 5 లీటర్లకు మించి తీస్తే తోడుగా అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) ఎక్కిస్తారు. ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.

తిండి మానిపించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే సలహా. సిరోసిస్‌లో కండ కరిగిపోతుంది. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. సంగటిలోకి పప్పు పెట్టండి, గుడ్డు, పెరుగు పెట్టండి, ఉప్పు తగ్గించండి. పడుకునే ముందు ఏదో ఒకటి తినిపించండి. మాట తడబడి మగతగా ఉంటే మలబద్ధకమో, ఇన్ఫెక్షనో, రక్తస్రావమో కారణమై ఉండొచ్చు. అలాంటప్పుడు ఆసుపత్రిలో లాక్టులోజ్ సిరప్ ఇచ్చి, రోజుకు రెండు మూడుసార్లు విరేచనమయ్యేలా చూస్తారు.

పసరులో ఏముందో తాపేవాళ్లకే తెలియదు. కొన్ని ఆకుమందులు లివర్‌నే దెబ్బతీస్తాయి. డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్లలూ వద్దు, కిడ్నీలు పాడవుతాయి.

సిగ్గుపడి దాచేవాళ్లకు ఇంకో మాట. హెపటైటిస్ బి, సి వల్ల, షుగర్‌తో వచ్చే ఫ్యాటీ లివర్ వల్ల చుక్క ముట్టనివాళ్లకూ సిరోసిస్ వస్తుంది. ఎట్లా వచ్చినా క్యాజువాలిటీలో మొదట చెప్పాల్సింది సిరోసిస్ ఉందన్న మాటే. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, మగత, జ్వరంతో పొట్ట నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి, పాత రిపోర్టులు చేతిలో పెట్టుకుని బయలుదేరండి.